సైకిల్ హ్యాండిల్‌కు ఫోను: దారి చూసుకొనే పద్ధతి గురించి కొన్ని మాటలు

(దాదర్‌లో తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినంగా ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది. ఆ సందర్భంగా నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను మెకానిక్‌ను కాను, ఇంజినీరును అంతకన్నా కాను. తెలుగులో ఎం.ఏ. చదివి, నగరపాలక సంస్థలో మరాఠీ, ఇంగ్లీషు ప్రకటనలను తెలుగులోకి తెచ్చే ఉద్యోగం చేస్తున్నాను. ఏడేళ్లుగా నాయ్‌గావ్ నుంచి సైకిల్ మీదే కార్యాలయానికి వెళ్లి వస్తున్నాను. ఈ విషయం మాట్లాడటానికి నాకున్న అర్హత అంతే. సైకిల్ వల్ల ఆరోగ్యం, పర్యావరణం ఎట్లా బాగుపడతాయో చెప్పమని నిర్వాహకులు కోరారు. అవి మీకు తెలిసినవే కనుక వారి అనుమతితో వేరొక చిన్న విషయం ఎంచుకున్నాను. సైకిల్ తొక్కుతూ ఫోనులో దారి చూసుకొనేవారు ఆ ఫోనును ఎక్కడ పెట్టుకోవాలి, ఎట్లా పెట్టుకోవాలి అన్నదే ఆ విషయం.

ఇంత చిన్న సంగతికి సభ ఎందుకని మీకు తోచవచ్చు. గత సంవత్సరం ఆషాఢంలో మా చాళ్లో జరిగిన ఒక ప్రమాదం గురించి ముందుగా చెబుతాను.

మా చాళ్లో ఇరవై ఏళ్ల పిల్లవాడు ఒకడున్నాడు. పేరు చెప్పను. కామారెడ్డి వైపు నుంచి వచ్చిన కుటుంబం. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి లేడు. పిల్లవాడు సైకిల్ మీద ఇంటింటికీ భోజనం పొట్లాలు అందించే పని చేసేవాడు. పెట్రోలు ఖర్చు లేదు, లైసెన్సు అక్కర లేదు, పాత సైకిల్ ఉంటే చాలు. ఒకనాటి రాత్రి తిలక్ వంతెన మీదుగా తూర్పు నుంచి పడమరకు వస్తున్నాడు. వాన పడుతున్నది. ఎడమచేత ఫోను, కుడిచేత హ్యాండిల్. వాలులో దిగుతుండగా ముందు ఎవరో అడ్డం వచ్చారు. కుడిచేతి బ్రేకు గట్టిగా నొక్కాడు. ముందు చక్రం ఆగిపోయి జారింది. భుజం మీద పడ్డాడు, కంఠం దగ్గరి ఎముక విరిగింది. ఆరు వారాలు చేయి కట్టుకొని ఇంట్లో కూర్చున్నాడు. ఫోను పగిలింది. దాని వాయిదాలు ఇంకా ఎనిమిది మిగిలి ఉన్నాయి. నేను చూడబోయినప్పుడు, "అక్కా, చేయి అతుక్కుంటది గానీ ఫోను అతుక్కోదు గదా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. వాళ్లమ్మ మాత్రం నవ్వలేదు.

ఆ ప్రమాదాన్ని విడదీసి చూడండి. మన దేశపు సైకిళ్లలో సాధారణంగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమచేతి బ్రేకు వెనుక చక్రానిది. మీ సైకిల్ సంగతి మీరే చక్రాలు తిప్పి చూసుకోండి. ఎడమచేత ఫోను పట్టుకున్నవాడు వెనుక బ్రేకును వదులుకున్నాడన్నమాట. వాలులో శరీరం బరువు ముందుకు పడుతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, అప్పుడు చేతిలో మిగిలిన ఒకే ఒక్క బ్రేకు పడవేసే బ్రేకు. పిల్లవాడు అజాగ్రత్తగా తొక్కాడని చాళ్లో అందరూ అన్నారు. నేను ఒప్పుకోను. అతనికి దారి తెలియదు, దారి చెప్పేది ఫోను, ఆ ఫోను పెట్టుకోవడానికి చేయి తప్ప మరో చోటు లేదు.

ఆ చోటు గురించే ఈ సాయంత్రం మాట్లాడుతున్నాను.

దారి తెలియకపోవడం మనకు కొత్త కాదు. ఈ నగరానికి మనవాళ్లు దారి తెలియకుండానే వచ్చారు. నిజాం రాజ్యపు తెలుగు పల్లెల నుంచి మట్టిపని, రాతిపని వెతుక్కుంటూ వచ్చిన కామాటీల పేరనే కామాఠీపురా ఏర్పడింది. తరువాత నేతపని వారు వచ్చి మిల్లుల చుట్టూ, వర్లీ, ప్రభాదేవి, నాయ్‌గావ్, పరేల్ చాళ్లలో స్థిరపడ్డారు. మా తాతగారు సిరిసిల్ల నుంచి వచ్చి పరేల్‌లోని ఒక మిల్లులో సాంచాల మీద పని చేశారు. 1982 జనవరిలో సమ్మె మొదలై మిల్లు మూతపడ్డాక పాత సైకిల్ క్యారియర్ మీద తువ్వాళ్లు, దుప్పట్లు కట్టుకొని అమ్మారు. ఆయనకు మరాఠీ చదవడం రాదు. మిల్లుల పొగగొట్టాలే ఆయనకు దిక్కులు. ఫలానా గొట్టం కుడిచేతికి కనబడితే లాల్‌బాగ్, ఎడమచేతికి కనబడితే పరేల్. ఇప్పుడు ఆ గొట్టాలు చాలావరకు లేవు. వాటి స్థానంలో లేచిన మేడలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. ఆయన మళ్లీ పుట్టినా ఈనాడు ఫోను లేక దారి తప్పుతారు.

ఆ సైకిల్ ఇంకా మా ఇంట్లోనే ఉన్నది. దాని హ్యాండిల్ ముందు భాగాన చిన్న ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. చిన్నప్పుడు అది ఎందుకో తెలియక అడిగితే దీపం తగిలించడానికని తాతగారు చెప్పారు. మొదట కిరోసిన్ దీపం, తరువాత డైనమో దీపం. రాత్రి దీపం లేకుండా తొక్కితే పోలీసువారు ఆపేవారు. ఊళ్లలో పురపాలక సంఘాల వారికి సైకిల్ పన్ను కట్టి రేకు బిళ్ల కొట్టించుకొన్న రోజులు ఇక్కడి పెద్దలకు జ్ఞాపకం ఉండే ఉంటాయి. సైకిల్‌ను తయారుచేసిన వాళ్లు తొక్కేవాడికి ముందు దారి కనబడాలనీ, అందుకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలనీ తెలిసి ఆ పట్టీ పెట్టారు. దీపాన్ని చేత పట్టుకొని తొక్కమని ఎవరూ చెప్పలేదు.

ఇక హ్యాండిల్‌కు ఫోను బిగించే సాధనం సంగతి. దీనికి తెలుగులో ఏమనాలని నన్ను ఒక మిత్రుడు అడిగాడు. నిఘంటువులను ఆశ్రయిస్తే 'ఉపకరణ స్థాపకం' వంటి మాట పుట్టించవచ్చు. అటువంటి మాటలు పుట్టించినందుకు నేను మా కార్యాలయంలో ఇప్పటికే తగినంత అపకీర్తి మూటగట్టుకున్నాను. సైకిల్ దుకాణంలో 'హోల్డర్' అంటారు. మనమూ హోల్డర్ అనే అందాం.

హోల్డర్‌లు బజారులో నాలుగైదు తీరులవి దొరుకుతాయి. అన్నిటికన్నా చవకైనది రబ్బరు లేక సిలికాన్ పట్టీల తీరు. హ్యాండిల్ చుట్టూ చుట్టి, ఫోను నాలుగు మూలలకు పట్టీలు తగిలిస్తారు. తేలికైనదే, కాని ఎండకు, ఉప్పుగాలికి రబ్బరు త్వరగా బీటలు వారుతుంది. రెండవది స్ప్రింగు చేతులతో నాలుగు మూలలనూ పట్టుకొనేది. మూడవది మరచుట్టుతో బిగించేది. ఫోను రెండు ప్రక్కలా దవడలు ఉంటాయి, వెనుక మర తిప్పితే అవి దగ్గరకు వస్తాయి. నాలుగవది ఫోను వెనుక కవచానికే అమరిక ఉండి, హ్యాండిల్ మీది పీఠంలో పెట్టి పావు చుట్టు తిప్పితే బిగుసుకొనేది. ఇది అన్నిటికన్నా గట్టిది, ఖరీదు కూడా ఎక్కువ. ఇవి గాక, ముందు కడ్డీ మీద కట్టుకొనే చిన్న సంచీ ఒకటుంది. పైన పారదర్శకమైన కిటికీ, లోపల ఫోను.

నేను మొదట కొన్నది స్ప్రింగు చేతులది. ఆ పిల్లవాడికి ఉపదేశం చేయడానికి ముందు నేను పాటించాలి గదా అనుకొని కొన్నాను. నాలుగవ రోజున డాక్టర్ అంబేడ్కర్ రోడ్డు మీద పేవర్ బ్లాకులు కుంగిన చోట సైకిల్ ఎగిరిపడింది. సైకిల్ క్రిందికి వచ్చింది, నేనూ వచ్చాను, ఫోను మాత్రం రాలేదు. వెనుక వచ్చే టాక్సీ దాని మీదుగా వెళ్లింది. హోల్డర్ తయారుచేసిన వారిని నిందించి లాభం లేదు. దాని మీద వారు మృదువైన రోడ్లు అని వ్రాయకపోయినా, మన వార్డులలోని రోడ్లను వారు చూసి ఉండరు.

అప్పటినుంచి నేర్చుకున్నవి చెబుతాను.

ముందు హ్యాండిల్ కొలత. హ్యాండిల్ గొట్టం అంతటా ఒక్క లావు ఉండదు. చేతి పిడులు తొడిగే చోట సాధారణంగా 22.2 మిల్లీమీటర్లు, నడుమ కాండం దగ్గర 25.4 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అంగుళం. కొత్త గేరు సైకిళ్లు అనేకం నడుమ 31.8 మిల్లీమీటర్ల లావు ఉంటాయి. హోల్డర్ పట్టీ ఏ లావుకు చేసిందో డబ్బా మీద ఉంటుంది. లావుపాటి పట్టీని సన్నని గొట్టానికి బిగిస్తే మర చివరివరకూ తిరుగుతుంది, బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, మొదటి గుంతలో ఫోను తల వంచుతుంది. అటువంటప్పుడు పంక్చరు దుకాణంలో పాత ట్యూబు ముక్క ఒకటి అడిగి తీసుకొని, గొట్టానికి రెండు చుట్లు చుట్టి, దానిపైన పట్టీ బిగించండి. రబ్బరు జారనివ్వదు, కుదుపు కూడా కొంత తగ్గిస్తుంది. దీనికి ఎవరూ డబ్బు తీసుకోరు.

రెండవది, ఇది ముఖ్యం. తాతల నాటి నల్ల సైకిళ్లకు తీగ బ్రేకులు ఉండవు, కడ్డీ బ్రేకులుంటాయి. హ్యాండిల్ క్రిందనే ఇనుపకడ్డీలు సాగి, చేతి పట్టు నొక్కినప్పుడు పైకి లేస్తాయి. అటువంటి సైకిల్‌కు హోల్డర్‌ను తెలియక బిగిస్తే పట్టీ ఆ కడ్డీని కూడా కలిపి పట్టుకుంటుంది, లేదా కడ్డీ లేచే చోటికి అడ్డం నిలుస్తుంది. నిలబడి ఉన్నప్పుడు ఏ తేడా తెలియదు. బ్రేకు సగం వరకే పడుతుందని పరుగులో తెలుస్తుంది. కనుక హోల్డర్ బిగించిన తరువాత రెండు బ్రేకులూ పూర్తిగా నొక్కి, సైకిల్‌ను ముందుకు తోసి చూడండి. హ్యాండిల్‌ను ఈ చివరినుంచి ఆ చివరికి తిప్పి, తీగలు లాగబడుతున్నవేమో చూడండి. గంట మోగించే బొటనవేలికి అడ్డం లేదు గదా అని కూడా చూసుకోండి. దాదర్ పూలబజారు దగ్గర తెల్లవారుజామున గంట లేని సైకిల్ ఒక్క అడుగు కదలదు.

మూడవది ఫోను ఉండే చోటు. ఫోను బరువు సుమారు రెండు వందల గ్రాములు. నిలకడగా ఉన్నప్పుడు అది లెక్కలోనిది కాదు. గుంతలో పడినప్పుడు ఆ రెండు వందల గ్రాములు అనేక రెట్ల బలంతో లాగుతాయి. హ్యాండిల్‌కు ఎంత దూరంగా ఫోను నిలబడితే పట్టీ మీద మెలి అంత ఎక్కువ. అందువల్ల పొడుగు మెడ ఉన్న హోల్డర్‌లను నేను మెచ్చను. కాండానికి దగ్గరగా, గొట్టానికి ఆనినట్టుగా, కొద్దిగా మీ వైపు వాలి ఉండేటట్టు పెట్టుకోండి. ఆపైన ఒక తాడు. ఫోను కవచానికి చిన్న రంధ్రం ఉంటే దానిలోనుంచి గట్టి నైలాన్ దారం వేసి హ్యాండిల్‌కు కట్టండి. నా రెండవ ఫోను నాలుగుసార్లు హోల్డర్‌లోనుంచి ఊడింది. నాలుగుసార్లూ తాడుకు వ్రేలాడుతూ ఇంటికి వచ్చింది.

కుదుపు ఫోనుకు లోపల కూడా హాని చేయవచ్చు. ఖరీదైన ఫోన్ల కెమెరాలలో చేయి వణికినా బొమ్మ చెదరకుండా కటకాన్ని కదిలించే సున్నితమైన యంత్రభాగాలుంటాయి. మోటారు సైకిళ్ల ఇంజనుల తీవ్రమైన కంపనం వాటిని పాడుచేయవచ్చునని యాపిల్ సంస్థ 2021 సెప్టెంబరులో తన వినియోగదారులను హెచ్చరించింది. మోపెడ్లు, విద్యుత్ స్కూటర్ల విషయంలో కంపనాన్ని తగ్గించే హోల్డర్ వాడమన్నది. మన కాలిసైకిల్‌కు ఇంజను లేదు కనుక ఆ ప్రమాదం తక్కువ. బ్యాటరీ సైకిల్ వాడేవారు మాత్రం మధ్యలో రబ్బరు బిళ్ల ఉన్న హోల్డర్ ఎంచుకోవడం మేలు.

ఇప్పుడు ఫోను దారి ఎట్లా చూపుతుందో రెండు మాటలు. ఇది తెలిస్తే దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుస్తుంది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతున్న జీపీఎస్ ఉపగ్రహాలు కాలసంకేతాలు పంపుతూ ఉంటాయి. కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, అవి ఎంత ఆలస్యంగా చేరాయో లెక్కగట్టి ఫోను తానున్న చోటు తెలుసుకుంటుంది. మన దేశానికి స్వంతంగా నావిక్ అనే వ్యవస్థ ఉన్నది. దాని మొదటి ఉపగ్రహం 2013 జూలై 1న మన శ్రీహరికోట నుంచే లేచింది. కొన్ని ఫోన్లు దానిని కూడా అందుకుంటాయి. బయలు ప్రదేశంలో మామూలు ఫోను సుమారు అయిదు మీటర్లలోపు తేడాతో చోటు చెబుతుంది. శివాజీ పార్కు మైదానంలో నిలబడితే ఇది నిజమే. కామాఠీపురా గల్లీలో నిజం కాదు. సంకేతం ఎదుటి మేడ గోడకు తగిలి, తిరిగి వచ్చి ఫోనును చేరుతుంది. ఆ చుట్టుదారి దూరాన్ని ఫోను అసలు దూరంగా భావిస్తుంది. మీరు ఆరవ గల్లీలో ఉంటే ఏడవ గల్లీలో ఉన్నారంటుంది. ఆ గల్లీలకు అంకెలు పెట్టి లెక్క చెప్పుకొనే పద్ధతి ఇక్కడ ఫోన్ల కన్నా ఎంతో ముందునుంచి ఉన్నది. అక్కడ గోడమీది అంకెనే నమ్మండి.

వంతెనలు మరొక చిక్కు. ఎత్తు విషయంలో ఫోను బలహీనం. మీరు కవి కేశవసుత వంతెన మీద ఉన్నారో, దాని క్రింద పూలబజారులో ఉన్నారో అది నిశ్చయంగా చెప్పలేదు. దాదర్‌కు రెండు ముఖాలు, తూర్పు పడమరలు, మధ్య పట్టాలు. పటం మీద అంగుళంలో పదోవంతు దూరం కనిపించేది, వంతెన ఎక్కి దిగితే తప్ప చేరలేని దూరం. బయలుదేరకముందే చేరవలసిన చోటు పట్టాలకు ఏ వైపున ఉన్నదో చూసుకుంటే చాలావరకు కష్టం తీరుతుంది.

పేర్ల గొడవ వేరు. దాదర్ టీటీ అన్న పేరులోని ట్రాములు 1964 మార్చి 31న నిలిచిపోయాయి; పేరు నిలిచింది. పటంలో మాత్రం ఖోదాదాద్ సర్కిల్ అని ఉండవచ్చు. అందరూ తులసీ పైప్ రోడ్డు అనేది కాగితాల మీద సేనాపతి బాపట్ మార్గ్. ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను 2018లో ప్రభాదేవి అయింది. మా పక్కింటి పెద్దమ్మకు ఇంకా కాలేదు. నాయ్‌గావ్‌లో 1920ల నాటి బీడీడీ చాళ్లు 42 ఉండేవి. వాటికి అంకెలే చిరునామాలు. ఇప్పుడు అక్కడ పునర్నిర్మాణం సాగుతున్నది. ఫోను పటం ఒక్కొక్కసారి కూల్చిన చాలు ముందుకు తీసుకుపోయి, మీరు గమ్యం చేరారని ప్రకటిస్తుంది. రేకుల కంచె ముందు ఆ మాట వింటే నాకు మనసు చివుక్కుమంటుంది. మా చిన్నమ్మ పెళ్లి అయింది ఆ చాలు ముంగిటనే.

అయితే ఒక మేలు చెప్పాలి. 2021లో గూగుల్ పటాలలో స్థలాల పేర్లు తెలుగుతో సహా పది భారతీయ భాషలలో వ్రాసి చూపే ఏర్పాటు వచ్చింది. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలో నాలుగు తరగతులు చదివి ఆగిపోయిన మన ఆడవారికి ఇది చిన్న సంగతి కాదు. ఫోను భాషను తెలుగుకు మార్చుకుంటే దారి కూడా తెలుగులోనే చెబుతుంది. ఆ తెలుగు గురించి అనువాదకురాలిగా నాకు ఫిర్యాదులున్నాయి. బయలుదేరగానే ఈశాన్య దిశగా వెళ్లమంటుంది. ఈశాన్యం మనకు బావి తవ్వే మూలగా తెలుసు గాని, పరేల్ నాకాలో నిలబడి ఈశాన్యం ఎటో చెప్పగలవారు ఎందరు? కుడి, ఎడమ అని చెప్పేదాకా రెండడుగులు వేసి చూడండి. దానికే తెలుస్తుంది, మీకూ తెలుస్తుంది.

పటంలో కారు గుర్తు నొక్కి సైకిల్ తొక్కకండి. ఇది చాలామంది చేసే తప్పు. కారుకు చూపే దారిలో జేజే వంతెన రావచ్చు. దానిమీద ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు. బాంద్రా వర్లీ సముద్రసేతువు మీదా లేదు. కామాఠీపురా నుంచి క్రాఫర్డ్ మార్కెట్‌కు పోయేవారు వంతెన ఎక్కకుండా క్రింద మహమ్మదలీ రోడ్డునే పట్టుకోవాలి. సైకిల్ గుర్తు మీ ఫోనులో ఉంటే అదే నొక్కండి. లేకపోతే ద్విచక్ర వాహనం గుర్తు ఉన్నది. అది 2017 డిసెంబరులో మొదట మన దేశంలోనే వచ్చింది. నడక గుర్తు నొక్కితే దగ్గరి దారులు చూపుతుంది గాని, నడిచేవారికి ఒకవైపు రాకపోకల నియమం ఉండదు కనుక వాహనాలకు ఎదురు తీసుకుపోతుంది, మెట్లు కూడా ఎక్కమంటుంది. ఇంట్లో వైఫై ఉన్నప్పుడు నగరపు పటాన్ని ఫోనులోకి దింపుకోండి. ఉపగ్రహ సంకేతానికి ఇంటర్నెట్ అక్కర లేదు. పటం లోపల ఉంటే డేటా అయిపోయినా దారి దొరుకుతుంది.

ఇంత చెప్పి, హోల్డర్‌లో ఫోను ఉన్నంత మాత్రాన దానినే చూస్తూ తొక్కమని చెప్పడం నా ఉద్దేశం కాదు. లెక్క చూడండి. గంటకు 18 కిలోమీటర్ల వేగం మన సైకిల్‌కు మామూలు. అంటే సెకనుకు అయిదు మీటర్లు. ఫోను వైపు రెండు సెకన్లు చూస్తే పది మీటర్లు కళ్లు మూసుకొని పోయినట్టే. పది మీటర్లలో ఒక ఆటో ఆగుతుంది, ఒక తలుపు తెరుచుకుంటుంది, ఒక పిల్లవాడు బంతి వెంట వస్తాడు. కనుక నేను ధ్వనిని నమ్ముతాను. ఫోను గొంతు పెంచి వినండి. ఇయర్‌ఫోను పెట్టుకోవలసి వస్తే ఒక్క చెవికే పెట్టండి. ఇప్పుడు బెస్ట్ వారి విద్యుత్ బస్సులు చప్పుడు లేకుండా వెనుకకు వచ్చి నిలబడతాయి. రెండవ చెవి వాటికోసం ఉంచండి. మలుపు అర్థం కాకపోతే ఎడమకు తీసి, కాలు దించి, అప్పుడు తెర చూడండి. మోటారు వాహనాల వారికి 2020 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర నియమం కూడా ఇదే అర్థం చెబుతుంది: చేతి పరికరాన్ని దారి తెలుసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెడని రీతిలో వాడాలి. కాలిసైకిల్ మోటారు వాహనం కాదు. 250 వాట్లకు లోబడి, గంటకు 25 కిలోమీటర్లు మించని బ్యాటరీ సైకిల్ కూడా కాదు. నియమం మనకు వర్తించకపోయినా ఎముకలు అందరివీ ఒకటే.

డబ్బావాలాలను తలచుకోవడం ఇక్కడ న్యాయం. 1890 నుంచి వారు ఈ నగరంలో భోజనం మోస్తున్నారు. డబ్బా మూతమీద రంగుతో నాలుగు గుర్తులు, తలలో దారి. వారికి హోల్డర్ అక్కర లేదని కొందరు నాతో వాదించారు. నిజమే, కాని డబ్బావాలా ప్రతిదినమూ అదే మేడకు అదే డబ్బా ఇస్తాడు. మా చాలు పిల్లవాడికి ఈ గంటలో మాహిమ్, వచ్చే గంటలో వడాలా. రెండు పనులకూ పోలిక పెట్టకూడదు. అయినా వారి నుంచి ఒకటి తీసుకోవచ్చు: బయలుదేరే ముందు అర నిమిషం నిలబడి, మొదటి మూడు మలుపులను మనసులో ఉంచుకోవడం. నేను అట్లా చేసిన రోజులలో ఫోను వైపు చూసిన సందర్భాలు చాలా తక్కువ.

మృగశిర కార్తెకు ఇంక నాలుగైదు రోజులే ఉన్నాయి. చేపల పులుసుతో పాటు వానకూ సిద్ధపడాలి. నీటిచుక్కలను ఫోను తెర వ్రేలని భ్రమపడుతుంది. పటం దానంతట అది పెద్దదవుతుంది, చిన్నదవుతుంది, ఒక్కొక్కసారి ఎవరికో ఫోను కూడా కలుపుతుంది. అందువల్ల దారి పెట్టిన తరువాత తెరను తాకవలసిన అవసరం లేకుండా ముందే చూసుకోవాలి. నీటిని తట్టుకొంటుందని వ్రాసిన ఫోనైనా కుండపోతలో గంటసేపు తొక్కడానికి చేసినది కాదు. ఆ పరీక్ష నిలకడ నీటిలో, మంచినీటిలో, కొత్త ఫోనుతో జరుగుతుంది. ప్లాస్టిక్ సంచీ కిటికీ ఉన్న హోల్డర్ ఈ నాలుగు నెలలకూ మంచిది, లోపల ఆవిరి పట్టకుండా ఒక మూల కొద్దిగా తెరచి ఉంచండి. తడిసిన ఫోనుకు ఛార్జరు పెట్టకండి. జోరువానలో ఫోనును జేబులో పెట్టి, మాట మాత్రమే వినడం అన్నిటికన్నా క్షేమం. వేసవిలో దీనికి విరుద్ధం: నల్లని హోల్డర్‌లో మిట్టమధ్యాహ్నపు ఎండకు ఫోను వేడెక్కి తెర మసకబారుతుంది. చెట్టు నీడన రెండు నిమిషాలు ఆగితే తేరుకుంటుంది, మీరూ తేరుకుంటారు.

దొంగతనం మాట కూడా చెప్పాలి. సిగ్నలు దగ్గర హోల్డర్‌లోనుంచి ఫోను లాక్కొనిపోవడం జరుగుతున్నది. చాలు క్రింద సైకిల్ నిలిపి మెట్లెక్కేటప్పుడు ఫోను తీసుకొని వెళ్లండి, ఒక్క నిమిషమే గదా అనుకోకండి. ఈ రాత్రే ఇంటికి వెళ్లి ఫోనులో *#06# నొక్కండి. పదిహేను అంకెల సంఖ్య కనబడుతుంది. దానిని పంచాంగం వెనుకో, రేషను కార్డు కవరులోనో వ్రాసి పెట్టండి. ఫోను పోతే పోలీసు ఫిర్యాదు చేసి, కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీ పోర్టల్‌లో ఆ సంఖ్య ఇస్తే ఆ ఫోను దేశంలో ఏ నెట్‌వర్కులోనూ పనిచేయకుండా ఆపుతారు. అట్లాగే తెర తాళం తీయకుండానే కనబడేటట్టు మీ ఇంటివారి నంబరు, రక్తవర్గం నమోదు చేయండి. ఆ పిల్లవాడు పడినప్పుడు దారినపోయే వారు సహాయం చేశారు గాని, ఎవరికి చెప్పాలో వారికి తెలియక నలభై నిమిషాలు గడిచాయి. ఎవరైనా పడితే 112కు గాని, అంబులెన్సు కోసం 108కి గాని చేయండి.

గుంతల విషయం అడుగుతారని నాకు తెలుసు. ఉద్యోగినిని కనుక తప్పించుకొంటానని అనుకోకండి. గుంత కనబడితే ఫొటో తీసి, చోటు గుర్తుపెట్టి 1916కు చెప్పండి. ఏ వార్డో చెబితే పని త్వరగా సాగుతుంది. దాదర్ పడమర జీ ఉత్తర వార్డు, నాయ్‌గావ్ ఎఫ్ దక్షిణ వార్డు, హిందూ కాలనీ ఎఫ్ ఉత్తర వార్డు, వర్లీ జీ దక్షిణ వార్డు, కామాఠీపురా 'ఈ' అక్షరపు వార్డు. తెలుగులో వ్రాసి ఇవ్వదలిస్తే ఇవ్వండి, అనువాదం చేయడానికి మేమున్నాము. ఒకసారి చెప్పి ఊరుకోక, ఫిర్యాదు సంఖ్య అడిగి తీసుకోండి. సంఖ్య ఉన్న కాగితాన్ని పక్కన పెట్టడం ఏ కార్యాలయంలోనైనా కష్టం.

ఆ పిల్లవాడి సంగతి చివరిదాకా చెప్పలేదు. చేయి బాగుపడింది. వాళ్లమ్మ సైకిల్ అమ్మేయమన్నది. అతడు అమ్మలేదు. మా తాతగారి సైకిల్‌కు ఉన్న దీపం పట్టీని చూపించి, నేనూ అతనూ కలిసి చాలు క్రింది మెకానిక్ దగ్గర దానికి మరచుట్టు హోల్డర్ ఒకటి అతికించాము. ట్యూబు ముక్క, నైలాన్ తాడు సహా. రెండు వందల రూపాయలలోపే అయింది. పాత ఇనుము కావడంవల్ల అది ఇంతవరకూ కదలలేదు. దానినే తనకు ఇమ్మని అడిగాడు. తాతగారి వస్తువు కనుక ఇంట్లో రెండు రోజులు వాదం నడిచింది, ఇచ్చాము.

ఆ సైకిల్ ఇప్పుడు ఈ హాలు బయటనే ఉన్నది. పిల్లవాడు కూడా వచ్చాడు, ఎనిమిదిన్నరకు పనికి వెళ్లాలి. మీ సైకిళ్లు తెచ్చుకున్నవారు ముందు బ్రేకులు చూపించుకోండి, హోల్డర్ సంగతి తరువాత. పాత ట్యూబు ముక్కలు ఒక సంచీ నిండా తెచ్చాము.